సినిమా పాట నుంచి రాష్ట్రగీతం దాకా: ‘మా తెలుగు తల్లికి’ గేయం – నిర్మాణం, ప్రచారం, నిలకడ

సారాంశం

శంకరంబాడి సుందరాచారి రచించిన ‘మా తెలుగు తల్లికి’ గేయం 1942 నాటి ‘దీనబంధు’ చిత్రం కోసం పుట్టింది. ఆ చిత్రం నేడు సినిమా చరిత్రకారులకు తప్ప ఇతరులకు గుర్తు లేదు. పాట మాత్రం గ్రామఫోను రికార్డు ద్వారా ప్రచారం పొంది, 1975 ప్రపంచ తెలుగు మహాసభల దరిమిలా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమై, బడి ప్రార్థనలలో నిత్యగానంగా స్థిరపడింది. ఒక సినిమా పాట తన సినిమాను దాటి ఇంతకాలం ఎలా నిలిచింది అన్న ప్రశ్నను ఈ వ్యాసం నాలుగు వైపుల నుంచి పరిశీలిస్తుంది: కవి ప్రాంతీయ నేపథ్యం, రికార్డు యుగపు ప్రచార పద్ధతి, గేయపు ఛందోనిర్మాణం, అందులోని పేర్ల ఎంపిక. చిత్తూరు జిల్లాలోని బంగారుపాళ్యం వంటి సరిహద్దు మండలాలలో ఈ గేయం చేసే పనిని, తెలంగాణ ఉద్యమ కాలంలో దానికి ఎదురైన పరిమితిని కూడా వివరిస్తుంది.

కీలక పదాలు: సినీగేయం, రాష్ట్రగీతం, శంకరంబాడి సుందరాచారి, టంగుటూరి సూర్యకుమారి, ఖండగతి, భాషామాత భావన, చిత్తూరు సరిహద్దు

1. ఉపోద్ఘాతం

సినిమా పాటకు సాధారణంగా సినిమాయే ఆయువు. కథలోని సన్నివేశం, పాత్ర మనఃస్థితి, తెరమీది ముఖం కలిసి పాటకు అర్థాన్నిస్తాయి. సినిమా మరుగున పడితే పాటలలో అధికభాగం దానితోపాటే మరుగున పడతాయి. కొన్ని పాటలు మాత్రం ఈ నియమాన్ని తప్పించుకుంటాయి. అమెరికాలో 1939 నాటి ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ చిత్రంలోని ‘ఓవర్ ది రెయిన్‌బో’ పాటను విడుదలకు ముందే తొలగించాలన్న ఆలోచన జరిగింది. తీరా నిలిచిన తరువాత ఆ పాట చిత్రాన్ని మించిన జీవితాన్ని పొందింది. తెలుగులో ఇటువంటి వాటిలో మొదట చెప్పదగినది ‘మా తెలుగు తల్లికి’.

అయితే రెండింటి మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. మొదటిది వ్యక్తిగతమైన ఆశను పలికే పాట. దానిని విన్నవారు తమ తమ ఆశలతో నింపుకున్నారు. రెండవది ఒక సమూహాన్ని ఉద్దేశించిన పాట. దానిని పాడేవారు ‘మా’ అనే బహువచనంలో చేరవలసి ఉంటుంది. ఆ ‘మా’లో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న ప్రశ్న పాటతోపాటే ప్రయాణం చేసింది. గేయపు ఆదరణను, దానికి వచ్చిన అభ్యంతరాన్ని ఒకే చోట పెట్టి చూడవలసిన అవసరం అక్కడే ఉంది.

2. కవి, ప్రాంతం

శంకరంబాడి సుందరాచారి 1914 ఆగస్టు 10న తిరుపతిలో జన్మించారు. మదనపల్లెలో బి.ఏ. వరకు చదివారు. చిన్న వయసులోనే సంప్రదాయ కర్మకాండను కాదని ఇల్లు విడిచారు. హోటలులో సర్వరుగా, రేణిగుంట రైల్వేస్టేషనులో కూలీగా పనిచేసిన జీవితం ఆయనది. తరువాత ‘ఆంధ్రపత్రిక’లో ప్రూఫులు దిద్దారు, ఉపాధ్యాయ వృత్తిలోనూ ఉన్నారు. ‘సుందర రామాయణం’, ‘సుందర భారతం’ రచించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ‘గీతాంజలి’ని తెలుగు చేశారు. ఆయన కవిత్వంలో తేటగీతికి ప్రత్యేక స్థానం ఉంది. ఇంత రచన చేసిన కవి లోకానికి ఒక్క పాటతోనే తెలియడం ఆయన కీర్తిలోని వైచిత్రి.

మదనపల్లె ప్రస్తావన ఇక్కడ యాదృచ్ఛికం కాదు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడు ‘జనగణమన’ను అక్కడ పాడి, ఆంగ్లంలోకి అనువదించారు, మార్గరెట్ కజిన్స్ ఆ గీతానికి స్వరలిపి కూర్చారు. ఆ గీతంలో దేశభావన భౌగోళిక నామాల ద్వారా, అంటే ప్రాంతాలు, కొండలు, నదుల పేర్ల ద్వారా ఏర్పడుతుంది. సుందరాచారి గేయంలోనూ నదులు, నగరాలు, వ్యక్తుల పేర్లే భావానికి ఆధారాలు. దీనిని నేరుగా ప్రభావమని నిర్ధారించనక్కరలేదు. పేర్ల వరుసతో సమూహాన్ని నిర్మించే పద్ధతి ఆ తరానికి అందుబాటులో ఉన్నదని, ఠాగూరును అనువదించిన కవికి అది అపరిచితం కాదని గుర్తిస్తే చాలు.

కవి పుట్టిన ప్రాంతం స్వభావం మరొక ఆధారం. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప, నెల్లూరు జిల్లాల భాగాలతో ఏర్పడింది. అంటే ఈ జిల్లా మొదటినుంచీ వేర్వేరు పాలనా ప్రాంతాల, వేర్వేరు భాషల కలయిక. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు పరిసరాలలో తెలుగు, తమిళం ఒకే వీధిలో వినబడతాయి. పలమనేరు, కుప్పం వైపు కన్నడం కూడా తోడవుతుంది. భాష చుట్టూ అంతా ఒకటే అయినచోట ‘మా తెలుగు’ అని ప్రత్యేకించి చెప్పవలసిన అవసరం తక్కువ. పక్కింట మరొక భాష ఉన్నచోట ఆ మాటకు బలం పెరుగుతుంది. తెలుగుతల్లి గీతం కోస్తా నడిబొడ్డు నుంచి కాక తిరుపతి నుంచి రావడాన్ని ఈ దృష్టితో అర్థం చేసుకోవచ్చు.

3. 1942: సినిమా, గొంతు, రికార్డు

‘దీనబంధు’ విడుదలైన 1942 తెలుగు సినిమాకు కష్టకాలం. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. దాడి భయంతో మద్రాసు నగరం చాలావరకు ఖాళీ అయింది. అదే ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. దేశభక్తిని నేరుగా పలకడానికి వలస ప్రభుత్వపు సెన్సారు అడ్డుగా ఉన్న రోజులవి. భాషను తల్లిగా కీర్తించే పాటకు అటువంటి కాలంలో రెండు ప్రయోజనాలు ఉన్నాయి. అది రాజకీయ నినాదంగా కనబడదు. వినేవారు మాత్రం అందులో దేశాన్ని కూడా వినగలరు.

ఈ పాటకు గొంతునిచ్చినవారు ఆ చిత్రంలో నటించిన టంగుటూరి సూర్యకుమారి. 1925 నవంబరు 13న రాజమహేంద్రవరంలో జన్మించిన ఆమె ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుకు సోదరుని కుమార్తె. పన్నెండేళ్ల వయసులో ‘విప్రనారాయణ’ (1937)తో సినిమాలలో ప్రవేశించి, ‘రైతుబిడ్డ’ (1939), ‘దేవత’ (1941) చిత్రాలతో పేరు పొందారు. నేపథ్యగానం ఇంకా స్థిరపడని ఆ రోజులలో నటులే తమ పాటలు పాడుకునేవారు. అందువల్ల గొంతుకు, ముఖానికి, వ్యక్తికి మధ్య ఎడం ఉండేది కాదు. సూర్యకుమారి పాడిన దేశభక్తి గేయం విన్నవారికి ఆ గొంతు వెనుక ప్రకాశం కుటుంబం కూడా స్ఫురించేది. పాటకు లభించిన విశ్వసనీయతలో ఇది చిన్న భాగం కాదు.

పాటను ఇంటింటికీ చేర్చింది వెండితెర కాదు, గ్రామఫోను రికార్డు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల పళ్లెం ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాటను మాత్రమే పట్టగలదు. ఈ సాంకేతిక పరిమితి ఆ కాలపు గేయాల స్వరూపాన్ని నిర్ణయించింది. విస్తారమైన రాగాలాపనకు, పద్యం చివరి సాగదీతకు అవకాశం తగ్గింది. పల్లవి, కొద్దిపాటి చరణాలు, ముగింపు అనే బిగువైన కట్టడం అవసరమైంది. సినిమా ఊరిలో ఆడినన్నాళ్లే వినబడుతుంది. రికార్డు మాత్రం పెళ్లిపందిట్లో, సభావేదిక మీద, గ్రంథాలయంలో, హోటలులో మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కథాసన్నివేశం నుంచి విడివడిన పాట ఏ సందర్భానికైనా అమరుతుంది. తెరతో బంధం సడలడమే ఈ పాటకు మేలు చేసింది.

4. ఛందోనిర్మాణం: పాడదగినతనం

ఒక గేయం లక్షలమంది నోట నిలవాలంటే శిక్షణ లేని గొంతుకు అది లొంగాలి. ఈ గేయపు నడక ఐదు మాత్రల ఖండగతి. శీర్షికనే గణిస్తే ‘మా తెలుగు’ అన్న భాగంలో ఒక గురువు, మూడు లఘువులు కలిసి ఐదు మాత్రలు. ‘తల్లికి’ అన్న భాగంలో ముద్రిత రూపాన్ని బట్టి నాలుగు మాత్రలే ఉన్నా, పాడేటప్పుడు చివరి అచ్చు సాగి ఐదవుతుంది. సామాన్య గాయకుడు ఈ సవరణను తెలియకుండానే చేస్తాడు. కవి కూడా ఆ స్వేచ్ఛను లెక్కలో ఉంచుకున్నాడు.

పల్లవి పాదాలలో మూడు దీర్ఘభాగాల తరువాత మూడు మాత్రల చిన్నభాగం వస్తుంది. ఈ ఆకృతి తెలుగు చెవికి కొత్తది కాదు. ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాల మీద ఒక సూర్యగణం వచ్చి పాదాన్ని ముగిస్తుంది. పాల్కురికి సోమన కాలం నుంచి కథాగానాలలో, స్త్రీల పాటలలో వాడుకలో ఉన్న నడక అది. పల్లవి శాస్త్రోక్తమైన ద్విపద కాదు. కానీ పొడవైన మూడు అడుగుల తరువాత పొట్టి అడుగుతో నిలిచే ఆ అలవాటు దానిలో ఉంది. మొదటిసారి విన్నవారికి కూడా ముందెప్పుడో విన్నట్లు తోచడానికి ఇదొక కారణం.

చరణాలలో కట్టడం మారుతుంది. పాదానికి నాలుగు భాగాలూ పూర్తి ఐదు మాత్రలతో, అంటే ఇరవై మాత్రలతో నిండుతాయి. పల్లవిలో పాదాంతాన ఉన్న విరామం చరణంలో తగ్గుతుంది. ఒక పాదం మీద మరొక పాదం వచ్చి పడుతుంది. నదులను వర్ణించే చరణంలో ధ్వన్యనుకరణ పదాలు ఈ వేగానికి తోడ్పడతాయి. వీరులను, ప్రభువులను స్మరించే చరణంలో పాదం సగానికి సగంగా విరిగి, ఒక్కొక్క సగంలో ఒక పేరు, ఒక గుణం చొప్పున అంత్యప్రాసతో నిలుస్తాయి. చివరి చరణంలో వర్ణన ఆగిపోయి ప్రతిజ్ఞ మొదలవుతుంది. ప్రథమ పురుష పోయి ‘నీ’, ‘మేము’ అనే ముఖాముఖి సంబోధన వస్తుంది. మంద్రంగా, మంగళహారతిలా ఎత్తుకున్న పాట జయజయధ్వానంతో ముగుస్తుంది. నెమ్మదిగా మొదలై అంతకంతకూ ఉద్వేగం పెంచుకుంటూ శిఖరానికి చేరే ఈ పద్ధతి ప్రపంచమంతటా జనం కలిసి పాడుకునే సినిమా పాటలలో కనబడేదే. ఇక్కడ ఆ పెరుగుదల వాద్యాల హోరు మీద కాక మాత్రల నిండుదనం మీద, వాక్యపు పురుష మార్పు మీద ఆధారపడింది. వాద్యం లేని బడి ఆవరణలో కూడా పాట నిలబడటానికి ఇదే మూలం.

5. పేర్ల ఎంపిక: ఉన్నవి, లేనివి

గేయంలో రెండు నదులు ఉన్నాయి: గోదావరి, కృష్ణ. కళలకు ముగ్గురు ప్రతినిధులు: అమరావతి శిల్పం, త్యాగయ్య నాదం, తిక్కన కవిత్వం. చరిత్రకు నలుగురు: రుద్రమ, మల్లమ్మ, తిమ్మరుసు, కృష్ణరాయలు. ఈ పటాన్ని 1942 నాటి పాలనా సరిహద్దుల మీద పరిస్తే ఒక విశేషం తెలుస్తుంది. అమరావతి, నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనివి. రుద్రమ ఏలిన ఓరుగల్లు నిజాం రాజ్యంలో ఉంది. త్యాగయ్య నివసించిన తిరువయ్యారు తంజావూరు సీమలోనిది. రాయల రాజధాని శిథిలాలు నేటి కర్ణాటకలోనివి. అంటే గేయం కీర్తించిన తల్లికి అప్పటికి ఏ పాలనా సరిహద్దూ లేదు. భాష ఎక్కడెక్కడికి వెళ్లిందో అదంతా ఆమె ఆవరణే.

ఆ కాలపు ఉద్యమ పదజాలంతో పోలిస్తే మరొక విషయం స్పష్టమవుతుంది. ఆంధ్ర మహాసభ, ఆంధ్రపత్రిక, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, ఆంధ్రరాష్ట్రోద్యమం: అన్నిచోట్లా ‘ఆంధ్ర’ శబ్దమే ప్రధానం. దత్తమండలాలకు 1928లో ‘రాయలసీమ’ అని పేరు పెట్టుకున్న ప్రాంతం, కోస్తాతో కలిసే విషయంలో హామీలు కోరి 1937లో శ్రీబాగ్ ఒడంబడిక చేసుకుంది. ఆ ప్రాంతపు కవి తల్లిని ‘తెలుగు తల్లి’ అనడంలో ప్రాంతం కన్న భాష ముందు నిలిచింది. తరువాతి కాలంలో ఈ గేయం ఆంధ్రరాష్ట్రానికీ, ఆంధ్రప్రదేశ్‌కూ, సముద్రాల అవతలి తెలుగు సంఘాలకూ ఒకే విధంగా అమరడానికి ఈ శబ్దం కారణమైంది.

లేని పేర్లు కూడా గమనించదగినవే. కవి తిరుపతివాడు, అయినా పాటలో వేంకటేశ్వరుడు లేడు, తిరుమల లేదు, అన్నమయ్య లేడు. అన్నమయ్య రాగిరేకులు వెలుగు చూసి అప్పటికి సుమారు రెండు దశాబ్దాలే అయింది. ఆయన సంకీర్తనలకు నేటి ప్రాచుర్యం ఇంకా రాలేదు. వేంకటేశ్వరుని లేమికి మాత్రం ఆ వివరణ చాలదు. హారతి, పూదండ అనే పూజావిధులను తీసుకున్న గేయం దేవతా నామాన్ని ఒక్కటి కూడా తీసుకోలేదు. ‘వందేమాతరం’లోని దేవతా ప్రస్తావనలపై చర్చ జరిగి, 1937లో కాంగ్రెసు దాని మొదటి రెండు చరణాలకే పరిమితమైన నేపథ్యంలో ఈ సంయమనం పాటకు రక్షణగా పనిచేసింది. ఆరాధన రూపం మిగిలింది. ఆరాధ్యం భాష అయింది.

6. రాష్ట్రగీతంగా స్థిరపడటం

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర అవతరణ, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు: ఈ ఘట్టాలన్నింటికన్నా పాట ముందే పుట్టింది. రాష్ట్రం గీతాన్ని రాయించుకోలేదు; ఉన్న గీతంలోకి రాష్ట్రం వచ్చి చేరింది. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలలో, అప్పటికి లండనులో స్థిరపడిన సూర్యకుమారి ఈ గేయాన్ని ఆలపించారు. అనంతరం అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతంగా గుర్తింపు పొందింది. సుందరాచారి ఆ గౌరవాన్ని చూసిన కొద్దికాలానికే, 1977 ఏప్రిల్ 8న, కన్నుమూశారు. సూర్యకుమారి 2005లో లండనులో మరణించారు.

పొరుగు భాషలతో పోలిక ఇక్కడ ఉపయోగకరం. తమిళనాడులో 1970 నుంచి ప్రభుత్వ సభలలో పాడుతున్న తమిళమాత ప్రార్థన, మనోన్మణీయం సుందరం పిళ్లై 1891లో ప్రచురించిన నాటకంలోని అవతారికా గీతం. కర్ణాటక 2004లో స్వీకరించిన గీతం కువెంపు కవిత. ఒకటి నాటకం నుంచి, ఒకటి కవితా సంపుటి నుంచి, ఒకటి సినిమా కోసం రాసిన పాట నుంచి వచ్చాయి. తెలుగువారి భాషాభిమానం రంగస్థలం, వెండితెర, రికార్డు వంటి జనరంజక మాధ్యమాలతో ఎంత సన్నిహితంగా పెరిగిందో ఈ పోలిక సూచిస్తుంది.

7. సరిహద్దు మండలంలో గేయం: బంగారుపాళ్యం

చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా కర్ణాటకకు వెళ్లే రహదారి మీద బంగారుపాళ్యం ఉంది. పేరులోని ‘పాళ్యం’ పాలెగాళ్ల కాలాన్ని గుర్తుచేస్తుంది. నేడు ఆ ఊరు మామిడికి, ముఖ్యంగా తోతాపురి కాయల వ్యాపారానికి ప్రసిద్ధం. కోతల కాలంలో ఇక్కడి మార్కెట్టులో తెలుగు, తమిళం, కన్నడం మూడూ బేరమాడతాయి. ఇటువంటి చోట భాష ఇంటి విషయం, బజారు విషయం, బడి విషయం కూడా.

సరిహద్దు అన్నది ఈ జిల్లాకు కాగితం మీది గీత కాదు. రాష్ట్రాల ఏర్పాటు తరువాత పటాస్కర్ సిఫారసుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి చేరింది. ఆ మార్పుతో గీతకు అవతల మిగిలిన తెలుగు కుటుంబాల పిల్లలకు బడిలో తల్లి ప్రార్థన మరొక భాషలో మొదలైంది. ఇవతల ఉన్న తమిళ కుటుంబాల పిల్లలకు తెలుగుతల్లి పాట వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో కవి పుట్టిన తిరుపతి వేరే జిల్లా అయింది. బంగారుపాళ్యం చిత్తూరులోనే ఉండిపోయింది. గీతలు మారుతూ వచ్చాయి. ఉదయపు పాట మారలేదు.

బడి ప్రార్థనలో ఈ గేయం ‘వందేమాతరం’, ప్రతిజ్ఞ, ‘జనగణమన’ల సరసన ఉంటుంది. దేశభావానికి మిగిలిన మూడూ ఉండగా, ఇంటికీ దేశానికీ నడుమ ఉన్న అంతస్తును ఈ గేయం నింపుతుంది. ఇంట తమిళం మాట్లాడే బాలికకు తిక్కన పేరు మొదట పాఠ్యపుస్తకంలో కాక ఈ పాటలోనే తెలిసే అవకాశం ఎక్కువ. రుద్రమ, తిమ్మరుసు ఎవరని అడగకముందే ఆమె నోట ఆ పేర్లు ఉంటాయి. అర్థం కన్న ముందు కంఠస్థం, ఆ తరువాత చరిత్ర: పాట ఇక్కడ పాఠానికి ముందు నడిచే ఉపాధ్యాయుడు.

దీనికి మరో వైపు ఉంది. ప్రతిజ్ఞను 1962లో రచించిన పైడిమర్రి వెంకటసుబ్బారావు పేరు చాలాకాలం పాఠ్యపుస్తకాలలో కనబడనట్లే, నిత్యం పాడే ఈ గేయపు కవి పేరూ పాడే పిల్లలలో అనేకులకు తెలియదు. కంఠస్థమైన గీతం ఎవరిదో అడగాలనిపించదు. అది ఎప్పటినుంచో ఉన్నదిగా తోస్తుంది. జానపదానికి ఇది సహజం. ఆధునిక కవికి మాత్రం ఇది కీర్తి, విస్మృతి ఒకేసారి దక్కడం. కవి సొంత ప్రాంతపు బడులలోనైనా పాటతోపాటు పేరు పలికించడం ఉపాధ్యాయులు సులభంగా చేయగల దిద్దుబాటు.

8. పరిమితి, నిలకడ

తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ గేయం విమర్శకు గురైంది. గేయంలో గోదావరి, కృష్ణ, రుద్రమ ఉన్నా, అది అప్పటికి ఒక రాష్ట్ర ప్రభుత్వపు అధికారిక చిహ్నం అయింది. తెలుగుతల్లి అంటే భాషామాత అన్న అర్థం వెనక్కి వెళ్లి, సమైక్య రాష్ట్రమాత అన్న అర్థం ముందుకు వచ్చింది. ఉద్యమం తెలంగాణ తల్లిని నిలుపుకుంది. అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’ గీతం ఉద్యమ గీతంగా ప్రచారం పొంది, 2024 జూన్ 2న తెలంగాణ రాష్ట్రగీతంగా ఆవిష్కృతమైంది. ఏ సరిహద్దూ లేని తల్లిని కీర్తించిన పాటకు 1975 తరువాత ఒక సరిహద్దు అంటుకుంది; 2014లో ఆ సరిహద్దు మారినప్పుడు పాట ఆవరణ కూడా తగ్గింది. రాష్ట్రగీతం హోదా పాటకు నిత్యగానాన్ని ఇచ్చింది; ఆ హోదాయే దాని విస్తృతిని కుదించింది. తెలంగాణ పాఠకుని అభ్యంతరాన్ని కవి మీది నిరాకరణగా కాక ఈ చారిత్రక పరిణామం మీది స్పందనగా గ్రహించడం సమంజసం.

గేయం నిలకడకు కారణాలను ఇలా క్రోడీకరించవచ్చు. సన్నివేశం నుంచి వేరై స్వతంత్రంగా వినబడటం మొదటిది. శిక్షణ లేని గొంతుకు లొంగే ఖండగతి, తెలిసిన నడకను పోలిన పల్లవి రెండవది. ప్రాంతం కన్న భాషను, దేవత కన్న సంస్కృతిని ముందు నిలిపిన పేర్ల ఎంపిక మూడవది. బడి ప్రార్థన ద్వారా ప్రతి తరానికీ కొత్తగా అందడం నాలుగవది. మొదటి మూడు కవి, గాయని, రికార్డు కలిసి సాధించినవి. నాలుగవది ప్రభుత్వం ఇచ్చినది. నాలుగవది లేకపోయినా పాట ముప్పై మూడేళ్లు, అంటే 1942 నుంచి 1975 వరకు, బతికిందన్న వాస్తవం మొదటి మూడింటి బలాన్ని తెలుపుతుంది.

9. ముగింపు

‘మా తెలుగు తల్లికి’ గేయ చరిత్ర సినీసాహిత్య పరిశోధనకు ఒక పద్ధతిని సూచిస్తుంది. సినిమా పాటను సాహిత్యంగానో సంగీతంగానో మాత్రమే చూస్తే దాని ఆయుర్దాయం అర్థం కాదు. అది ఏ మాధ్యమం మీద ప్రయాణించింది, ఏ సభలో స్థిరపడింది, ఎవరి నోట ప్రతిరోజూ పలుకుతోంది, ఎవరు దానిని పాడటానికి నిరాకరించారు అన్న విషయాలను కలిపి చూడవలసి ఉంటుంది. తిరుపతి కవి ఒక సినిమా కోసం కట్టిన మూడు నిమిషాల పాట ఎనభై ఏళ్లు దాటినా బంగారుపాళ్యం బడిలో ఉదయం వినబడుతూనే ఉంది. పాడే పిల్లలలో ఇంటిభాష తెలుగు కానివారూ ఉన్నారు. ‘మా’ అన్న మొదటి అక్షరంలో వారికి చోటు దొరికినంతకాలం ఆ పాటకు ఆయువు ఉంటుంది.